ఆరు తర్వాత ఏడు

"రెండు... నాలుగు... ఆరు... తర్వాత ఏమిటి పిల్లలూ?"

ఎవరూ పలకలేదు.

సంతోషి బోర్డు మీది ఆరు కింద గీత గీయబోయింది. సుద్దముక్క జారి కింద పడింది.

నాచారంలోని ఆ చిన్న బడికి ఆమె కొత్త టీచరు. ఇంటరు పాసై, ఆలేరు దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్క ఇంట్లో ఉంటోంది. ఇవాళ, శనివారం, తల్లిదండ్రుల ముందు పాఠం చెప్పి చూపించాలి. ఒకటో తరగతి పిల్లల చేత పలికించగలిగితేనే ఉద్యోగం, లేకపోతే తిరిగి ఊరికే. ప్రిన్సిపాల్ త్రిపురసుందరి ముందే చెప్పేసింది.

వారమంతా సంతోషి అద్దం ముందు నిలబడి పాఠం వల్లించింది. పాఠం కన్నా ఎక్కువగా మాట దిద్దుకుంది. ఒకసారి నోరు జారి "గిట్ల రాయాలె" అన్నందుకు, ఈ ఏడాదే బడిలో చేరిన సుష్మ టీచర్ ఆ మాటనే సాగదీసి అనుకరిస్తే స్టాఫ్ రూమంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

"చెప్పండి పిల్లలూ. ఆరు తర్వాత?"

"ఏడు!"

వెనక నుంచి గట్టిగా వినిపించింది.

పిల్లవాడు కాదు. తల్లిదండ్రుల మధ్య కూర్చున్న ఒక ముసలాయన. ధోవతి కట్టుకున్నాడు. చిన్న బల్లలో మోకాళ్లు పట్టక కాళ్లు పక్కకు చాపుకున్నాడు.

"ఆరెనక ఏడే గద బిడ్డా! గింత దానికి గంత ఆలోచనెందుకు?"

తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ముందు బల్లలోని కావ్య వెనక్కి తిరిగింది. బడి తెరిచినప్పటి నుంచి హాజరుకు చెయ్యి ఎత్తడమే తప్ప నోరు విప్పని పిల్ల.

"కాదు తాతా! ఎనిమిది!"

"ఎట్లయితది? మరి ఏడు ఏడికి పోయింది?"

"ఏడు మీద కాలు పెట్టొద్దు. దునకాలె. గిట్ల!"

కావ్య బల్ల దిగి, నేల మీది షాబాదు బండల్లో ఒక బండను వదిలి రెండో దాని మీదికి గెంతింది. చూస్తుండగానే పిల్లలందరూ ఆమె వెనకే గెంతారు.

"ఎనిమిది! పది! పన్నెండు!"

"సమజైంది, సమజైంది. ఇగ పన్నెండు ఎనక పదమూడు!"

"అయ్యో తాతా, నీకు అస్సలే వస్తలేదు!"

గది హోరెత్తిపోయింది. కిటికీ దగ్గర ప్రిన్సిపాల్ ఆగి, గెంతుతున్న పిల్లల్నే ఒక నిమిషం చూసి, ముందుకు వెళ్లిపోయింది.

సంతోషి ఆమెను చూడలేదు. ఆమెకు కనిపిస్తున్నవి పెద్దవాళ్ల నవ్వు ముఖాలే. అప్పుడే గుమ్మంలోంచి సుష్మ టీచర్ తొంగి చూసింది.

"ఏం సంతోషీ, ఈ తాతగారిని మీ ఊరి నుంచే తెచ్చుకున్నావా?"

సంతోషి ముఖం భగ్గుమంది.

"తాతగారూ! మీకు రాకపోతే బయట కూర్చోండి. మీ తప్పులు వింటే పిల్లలు చెడిపోతారు."

ఒక్క పలుకు కూడా తడబడలేదు. 'గిట్ల' లేదు, 'గట్ల' లేదు. అద్దం ముందు కూడా అంత చక్కగా రాలేదు.

గెంతుతున్న పిల్లలు ఒక్కొక్కరే బల్లల్లోకి వెళ్లి కూర్చున్నారు.

ముసలాయన చాపిన కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. మోకాలి మీద చెయ్యి ఆన్చి మెల్లగా లేచాడు.

"అట్లనే, మేడం."

అప్పటిదాకా ఆమెను ఎవరూ మేడం అనలేదు.

ఆ తర్వాత సంతోషి దారానికి గుచ్చిన గాజులు పైకెత్తి చూపించింది. ఎర్రది, పచ్చవి రెండు, మళ్లీ ఎర్రది, పచ్చవి రెండు.

"తర్వాత ఏ రంగు వస్తుంది?"

ఎవరూ పలకలేదు. కావ్య గుమ్మం వైపే చూస్తోంది. గంట కొట్టేదాకా గాజులే గలగలమన్నాయి.

వరండాలో ప్రిన్సిపాల్ ఎదురొచ్చింది.

"సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా, ఉద్యోగం నీదే. కావ్య మాట్లాడింది! వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఎలా పలికించావు?"

'నేను కాదు మేడం' అన్న మాట సంతోషి గొంతు దాకా వచ్చింది.

"థాంక్స్ మేడం," అంది.

అన్నాక తల ఎత్తలేకపోయింది. గబగబా గేటు దగ్గరికి నడిచింది. ఆ ముసలాయన ఇంకా బయటే కూర్చుని ఉంటే ఒక్క మాట చెప్పాలి.

గేటు దగ్గర ఆయా ఉప్పలమ్మ ఒక్కతే ఉంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"ఉప్పలమ్మా, కావ్య వాళ్ల తాత ఏడి?"

"ఆ పొల్లకు తాత యాడున్నడు బిడ్డా?"

"అదే... ధోవతి కట్టుకున్నాయన."

"కొమురెల్లి సారేనా? ఇప్పుడే ఉప్పల్ బస్సెక్కిండు. ఆడికెల్లి హన్మకొండకు, తమ్ముని ఇంటికి. సామానంతా నిన్ననే పంపిండు. ఇగ ఇటు రాడట. పోయే ముందు ఒక్కపారి క్లాసు సూసిపోత అని వచ్చిండు."

సంతోషి గేటు ఊచ పట్టుకుంది.

"నా గురించి... ఏమన్నా అన్నడా?"

తన నోట్లోంచి ఊరి మాట వచ్చిందని కూడా ఆమెకు తెలియలేదు.

"కొత్త పిల్ల జర బెదురుతున్నది గని ఫికర్ లేదు, పిల్లలు ఇగ నోరు తెరిచిన్రు అన్నడు."

రోడ్డు మీద బస్సు లేదు. అది లేపిన దుమ్ము మాత్రం ఇంకా దిగలేదు.

"నిరుడు దాక ఈ ఒకటో తరగతికి లెక్కలు చెప్పింది ఆ సారే గద బిడ్డా," అంది ఉప్పలమ్మ, "ప్రతి ఏడాది బోర్డు మీద ఆరెనక ఏడు అని కావాలని తప్పు రాసి, పిల్లలు లేచి కొట్లాడి దిద్దేదాక పాఠమే మొదలు పెట్టకపోతుండె."