మేడ మీది వాటా

"కుళాయి మొన్ననే బాగుచేశారు కదా బాబాయిగారూ. ఇప్పుడేం కారడం లేదు."

గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పిందామె. ఇంటాయన చేతిలో పానాతో, ఆమె భుజం మీంచి లోపలికి తొంగిచూశాడు.

"కారడం లేదని నీకేం తెలుస్తుంది? నన్ను చూడనీ," అంటూ, పక్కకి జరగమన్నట్టు భుజమ్మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యలేదు. "ఒంటరిదానివి. నీ మంచీ చెడ్డా చూసేవాళ్ళెవరున్నారు చెప్పు."

ఆమె వెనక్కి తగ్గింది. ఆయన ఒక అడుగు లోపలికి వేశాడు.

అంతలో కింద దబ్బుమని చప్పుడైంది. వెంటనే ఇంటావిడ గొంతు వినిపించింది.

"ఏమండీ, అత్తయ్య మళ్ళీ మంచం మీంచి పడిపోయారు. నా ఒక్కదానివల్లా కాదు, రండి."

ఇంటాయన పళ్ళు నూరుకుంటూ మెట్లు దిగాడు. ఆమె గడియ పెట్టి, తలుపుకి వీపు ఆనించి అక్కడే కూలబడింది. బతికాననుకుంది. ముసలావిడ నేలమీద పడి ఉంటే తనకి ఊపిరి ఆడుతోందేమిటని మరుక్షణమే సిగ్గుపడింది.

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పని ఆమెది. భర్తతో తెగతెంపులయ్యాక ఇల్లు వెతుక్కుంటే, ఒంటరి ఆడదని తెలియగానే అందరూ ఏదో ఒక సాకు చెప్పి తలుపు వేసుకున్నారు. ఈ మేడ మీది వాటా ఒక్కటే ఏ ప్రశ్నా లేకుండా దొరికింది. ఎందుకు దొరికిందో చేరాక గాని తెలియలేదు. ఆరేసిన బట్టలు తీసి, మడతపెట్టి మరీ ఇవ్వడానికి వచ్చేవాడు ఇంటాయన. తర్వాత మీటరు చూడాలన్నాడు. తర్వాత కుళాయి. ఇంకో తాళంచెవి తన దగ్గరుందని నవ్వుతూ చెప్పిన రోజున ఆమె కొత్త తాళం కొనుక్కుంది.

ఇంటావిడతో చెప్పుకుంది. ఆవిడ దిండు గలీబు కుడుతూ తలెత్తలేదు.

"ఆయన తీరే అంత. నువ్వే కాస్త చూసి మసులుకో. బట్టలు లోపలే ఆరేసుకో," అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముందు గదిలో మిగిలింది మామ్మ ఒక్కర్తే. ఇంటాయన తల్లి. పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది, మాట పోయింది, మతి కూడా పోయిందని ఇంట్లో అనుకునేవారు. కడుపులో ఉన్నది దాచుకోలేక, ఆ మంచం పక్కన కూర్చుని, ఎండిపోయిన ఆ చెయ్యి పట్టుకుని అంతా చెప్పుకుని ఏడ్చింది ఆమె. గోడతో చెప్పుకున్నట్టే. మామ్మ కిటికీలోంచి మేడమెట్ల వైపు చూస్తూ పడుకుంది.

ఆ చలికాలం మామ్మ బాగా దిగజారిపోయింది. మాటిమాటికీ పడిపోయేది. మోచేతులు కమిలిపోయేవి, నుదురు బొప్పి కట్టేది. పెద్దవయసు, పట్టు తప్పుతోందన్నాడు డాక్టరు.

"దిండ్లు అడ్డం పెట్టి చావలేవా?" అని ఇంటాయన పెళ్ళాం మీద విరుచుకుపడేవాడు.

"పెట్టాను," అనేది ఇంటావిడ, నేల చూస్తూ.

దుకాణం నుంచి వచ్చాక ఆమె మామ్మ దెబ్బలకి మందు రాసేది. "ఆ చివరికి దొర్లకు మామ్మా, నీకు పుణ్యముంటుంది," అనేది. మామ్మ మూతి ఒకవైపు కదిలేది. నవ్వో ఏడుపో తెలిసేది కాదు.

ఒకరోజు ధైర్యం తెచ్చుకుని, వాకిట్లో ఇంటాయన్ని నిలదీసింది. "మళ్ళీ పైకొస్తే పోలీసులకి చెప్తాను."

"ఏమని? కుళాయి బాగుచేశాననా?" అన్నాడాయన తాపీగా.

దుకాణంలో తనతో పనిచేసే ఆవిడ ఇంకో గది చూసిపెట్టింది. సామాను సర్దుకుంటున్న రోజు, పగటిపూటే ఇంటాయన పైకి వచ్చాడు. ఈసారి చేతిలో పానా లేదు. లోపలికొచ్చి తలుపు మూసి గడియ పెట్టాడు. ఆమె అరిచింది. మణికట్టు పట్టుకున్నవాడి ముఖమ్మీద, చేతికందిన గిన్నె తీసి కొట్టింది. ఆయన వదల్లేదు.

కింద చప్పుడైంది. ఇదివరకటిలాంటి చప్పుడు కాదది. ఇంటావిడ కేకకి ఆయన పట్టు ఒక్క క్షణం సడలింది. ఆమె గడియ లాగి, చెప్పులైనా లేకుండా కిందికి పరిగెత్తింది.

మామ్మ కాలు మెలితిరిగి నేలమీద ఉంది. ఆమెని చూసి, చూసి, కళ్ళు మూసుకుంది.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళిన మామ్మ మళ్ళీ ఇంటికి రాలేదు.

కొత్త గదిలోకి మారాక, ఇంటాయన లేని వేళ చూసుకుని ఆమె పాత ఇంటికి వెళ్ళింది. ముందు గదిలో మంచం మీద పరుపు తీసేశారు. ఇంటావిడ ఆ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఉంది.

"పిన్నిగారూ, నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. మీకు తెలియకుండా వెళ్ళకూడదని వచ్చాను."

ఇంటావిడ మంచం కోడు వదిలి తలెత్తింది.

"ఇంకో మాట కూడా ఉంది," అందామె. "మామ్మ పడినప్పుడల్లా నేను లోలోపల సంతోషించాను. ఆయన దిగిపోతాడని. అంత పాపిష్టిదాన్ని. ఆవిడ దెబ్బలు నాకు అచ్చొచ్చాయి."

"ఉండు, చీర మార్చుకుని నేనూ వస్తాను," అంది ఇంటావిడ లేస్తూ.

"మీరా? మీరేం చెప్తారు అక్కడ?"

ఇంటావిడ ఖాళీ మంచం వైపు చూసింది.

"ఆయన మేడ మెట్లు ఎక్కని రోజున ఆవిడ ఒక్కసారి కూడా పడలేదమ్మా."