బుచ్చిరాములు స్టాపు

హైవే మీద కార్లు పోయి ట్రాములొచ్చాక, యాక్సిడెంట్ జరిగిన చోటల్లా స్టాపు కట్టి, అక్కడ చనిపోయినవాళ్ల పేరు పెట్టారు. ఎవరూ దిగకపోతే ఆ స్టాపు ఎత్తేస్తారు. అందుకే అండాలు మార్కెట్‌కు పోతూ రోజూ తన భర్త పేరున్న స్టాపులో కూరగాయల గంపతో దిగి, మళ్లీ వెనకొచ్చే ట్రాము ఎక్కేది.

ఈరోజు ఆమెతోపాటు పిల్లల్నెత్తుకుని నలుగురు ఆడవాళ్లు దిగారు.

"ఈడేమున్నదమ్మా?" అని అడిగింది అండాలు.

"అంగన్‌వాడి పెట్టిన్రక్కా. ఇగ రోజూ ఈడనే దిగుతం," అంది ఒకామె. "గీ బుచ్చిరాములు ఎవరో, నీకెర్కనా?"

"ఎవరో పాతాయన," అంది అండాలు.

మర్నాడు ట్రాము "బుచ్చిరాములు" అని పిలిచింది. దిగేవాళ్లకు దారిస్తూ, కూర్చున్నచోటే అండాలు మోకాళ్లు పక్కకు జరుపుకుంది.