నంబర్ వన్ పాటలో ఒక్క వాక్యం

"ఈ వాక్యం రాసిందెవడు?"

దోన్ ఫుల్హెన్సియో బల్ల మీద కొట్టిన దెబ్బకి కాఫీ తొణికి ఆ వారం పాటల జాబితా మీద పడింది. పదకొండు వారాలుగా అందులో మొదటి స్థానం ఒకే పాటది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో స్పెయిన్ అంతా అదే కూనిరాగం. ప్రియురాలి గుమ్మం ముందు నిలబడ్డ కుర్రాడి పాట. పెళ్లిళ్లలో పాడారు, సంతల్లో పాడారు, అంతవరకూ బాగానే ఉంది. నిన్న ఆదివారం ఊరి జైల్లో ఆరు వందల మంది ఖైదీలు గిన్నెలు మోగిస్తూ ఒక్క గొంతుతో అందుకున్నారు:

"గడియ తీయవే, నన్ను బయటికి పోనీ!"

గోడ అవతల నిలబడ్డ తల్లులూ పెళ్లాలూ వంత పాడారు. సాయంత్రానికల్లా కబురు రాజధాని మాడ్రిడ్ చేరింది.

ఆ ప్రాంతంలో ప్రభుత్వం తరఫున పాటలు పరిశీలించే దోన్ ఫుల్హెన్సియో ముద్ర పడందే ఏ పాటా రేడియో ఎక్కదు. ఇప్పుడా ముద్రే అతని మెడకి చుట్టుకుంది. పన్నెండింటికల్లా వాక్యం రాసినవాడి పేరు చెప్పు, లేదా కుర్చీ ఖాళీ చెయ్యి అని పైవాళ్లు తేల్చేశారు. పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది. తలుపు దగ్గర గార్డు అరెస్టు కాగితంతో నిలబడ్డాడు. అందులో పేరు ఒక్కటే ఖాళీ.

పాట కట్టిన ఎలాడియో డాన్సు హాళ్లలో అకార్డియన్ వాయించుకుని బతికే మనిషి. టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"పాట నాదేనండీ. ఆ ఒక్క వాక్యం నాది కాదు."

"పాట నీది, వాక్యం మాత్రం ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఎలాడియో గార్డు చేతిలోని కాగితం వంక చూశాడు.

"నేను ముద్ర వేశాక దూర్చావు, అవునా? ఇలాంటిది నా కంటపడితే వదిలేవాణ్ణా?"

"దూర్చలేదండీ. మా అమ్మ మీద ఒట్టు."

"మరెవడు? కమ్యూనిస్టా? అంతర్యుద్ధంలో ఓడి ఫ్రాన్సు పారిపోయిన వాళ్లెవరైనా పంపారా?"

"చెప్తే నాకే ముప్పండీ."

"చెప్పకపోతే లేదా? ఆ గార్డు నీకు కనపడట్లేదా?"

ఫోను మోగింది. దోన్ ఫుల్హెన్సియో గడియారం వంక చూసి ఎత్తాడు. పింఛనుకి ఇంకా రెండేళ్లే. ఈ అకార్డియన్ వాడి మూలాన అంతా గంగలో కలిసేలా ఉంది.

"దొరికాడా?" అంది మాడ్రిడ్ గొంతు.

"దొరికినట్టేనండీ! ఒక్క నిమిషం." ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించాడు. "ఇదిగో ఎలాడియో, ముగ్గురు పిల్లల తండ్రివి. ఎవడి కోసమో నువ్వెందుకయ్యా బలి కావడం? వాడి పేరు చెప్పు, నిన్నొదిలేస్తా. వాడు ఎంత పెద్దవాడైనా సరే, నా తోడబుట్టినవాడైనా సరే, సాయంత్రానికి జైల్లో ఉంటాడు. మరియమ్మ తల్లి సాక్షి."

"మాట తప్పరు కదండీ?"

"తప్పను."

ఎలాడియో కోటు లోపల్నుంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "ఈ ఆఫీసు నుంచి నాకు తిరిగొచ్చిన ప్రతి అండీ. ఆ పేరు నా నోటితో చెప్పలేను."

దోన్ ఫుల్హెన్సియోకి పోతున్న ప్రాణం లేచొచ్చింది. ఆ కాగితాన్ని చూడనైనా చూడకుండా గార్డు చేతిలో పెట్టి, ఫోను అతని నోటి దగ్గర పట్టుకున్నాడు.

"చదువు. మాడ్రిడ్‌కి వినపడాలి!"

గార్డు కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. "'గడియ తీయవే, నన్ను లోపలికి రానీ' అని టైపు కొట్టి ఉందండీ. 'లోపలికి రానీ' కొట్టేసి, పైన ఎర్ర పెన్సిలుతో 'బయటికి పోనీ' అని రాశారండీ. పక్కన ఇంకో రెండు ముక్కలు, కింద సంతకం కూడా ఉందండీ."

"సంతకం కూడా పెట్టాడా, వెధవ! చదువు, గట్టిగా చదువు!"

గార్డు ఒకసారి కాగితం వంకా, ఒకసారి దొర వంకా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"'పెళ్లికాని మగవాడు ఆడపిల్ల ఇంట్లోకి రావడం అసభ్యం. బయటికి పంపితేనే అనుమతి. ఇట్లు, ఫుల్హెన్సియో బర్రాంకో, పాటల పరిశీలనాధికారి.'"