తోడొచ్చిన అంకుల్

“పికప్ ట్రక్ మీద లోనా? నీకెందుకమ్మా ట్రక్కు?”

“నేను తీసుకోలేదంకుల్! ఎవడో నా పేరు మీద తీసుకున్నాడు. శుక్రవారం నా ఇంటి క్లోజింగ్, ఇల్లు నా పేరున రాసే రోజు. ఇది తేలేదాకా ఇల్లు లేదంటున్నారు బ్యాంక్ వాళ్ళు.” జోసఫిన్ ఏడ్చేసింది. ఆరేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేసి కొనుక్కుంటున్న ఇల్లు మరి!

అమెరికాలోని ఈ మోరిస్‌విల్ తెలుగు చర్చిలో ఎవరికి ఏ కాగితం అర్థం కాకపోయినా అబ్రహాం అంకుల్ దగ్గరికే పరిగెడతారు. సగం సంఘానికి టాక్స్ ఫారాలు నింపేది ఆయనే. అప్పులకీ టాక్సులకీ ఆధారమైన సోషల్ సెక్యూరిటీ కార్డులు ఫొటో తీసి ఆయన వాట్సాప్‌లో పడేసి హాయిగా నిద్రపోతారు జనం, జోసఫిన్‌తో సహా. పైసా పుచ్చుకోడు పాపం.

“ఏడవకు. ముందు అప్పుల చిట్టా రాసే మూడు బ్యూరోల్లోనూ నీ క్రెడిట్ ఫ్రీజ్ చెయ్. ఇంకెవడూ నీ పేరుతో అప్పు పుట్టించలేడు.”

“మీరూ పక్కనే కూర్చోండంకుల్. నాకు చేతులాడట్లేదు.”

కూర్చున్నాడు. ఫ్రీజ్ అయింది. ప్రభుత్వ సైట్‌లో ఫిర్యాదు కూడా అయింది. లోన్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేయించి, ఏం అడగాలో పక్కనుంచి అందించాడు.

“పోలీస్ రిపోర్ట్ కావాలంటున్నారు. రేపు వెళ్ళిరా అమ్మా.”

“మీరు రాకపోతే నేను కదల్నంకుల్.”

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. స్టేషన్లో ఆఫీసర్ ఫారం చేతికివ్వగానే జోసఫిన్, “కార్‌లో నా వాటర్ బాటిల్ ఉండిపోయింది, కాస్త తెస్తారా అంకుల్?” అంది. మహానుభావుడు గబగబా వెళ్ళాడు.

గురువారం సాయంత్రం జోసఫిన్ ఆయన ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

“దొరికాడంకుల్! జార్జియాలో ట్రక్కు తీసుకెళ్ళడానికొచ్చి దొరికిపోయాడు. ముక్కూ మొహం తెలీనివాడు. ఇంటర్నెట్‌లో ఎవరో అమ్ముతుంటే నా వివరాలు కొనుక్కున్నాడట. బ్యాంక్ వాళ్ళు రేపు క్లోజింగ్‌కి రమ్మన్నారు!”

“దేవునికి స్తోత్రం!” అబ్రహాం సోఫాలో కూలబడ్డాడు. తన ఇల్లే దక్కినంత సంబరంగా ఉంది ఆయనకి.

జోసఫిన్ మాత్రం ఆయన చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“గండం గడిచింది కదమ్మా, ఇంకా ఏడుపెందుకు?”

“నన్ను క్షమించండంకుల్.”

“దేనికి? నాలుగు రోజులు నన్ను నీతో తిప్పుకున్నందుకా? పిచ్చిదానివమ్మా నువ్వు!”

జోసఫిన్ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

పోలీసుల ఫారంలో అనుమానితుడిగా ఆమె రాసిన పేరు అబ్రహాం.