నీళ్ల డ్రమ్ము మూత

"వీడి జేబులో లైటర్ ఉండుంటుంది సార్. నిప్పు లేకుండా గ్యాసెలా అంటుకుంటుంది?"

విచారణలో మా బావ, మా అక్క మొగుడు, అన్న మాట అది. ప్లాంటులో ఆయనే నా సూపర్‌వైజరు. హైడ్రోజన్ వాల్వు ఒక్కసారిగా తిప్పేసింది ఆయన. మంట లేస్తే ఆయన్ని పక్కకి లాగబోయి చేతులు కాల్చుకున్నది నేను.

"హైడ్రోజన్‌కి నిప్పక్కర్లేదు సార్. అంత ఒత్తిడి ఒక్కసారిగా వదిలితే తనే అంటుకోవచ్చు. వాల్వు పక్కన బోర్డు కూడా ఉంది. బావ చెప్తుంటే నేనే రాశాను," అన్నాను.

వెళ్లి చూశారు. గోడకి రెండు మేకులున్నాయి, బోర్డు లేదు.

"అసలెప్పుడూ లేదు సార్," అన్నాడు బావ, నా మొహం చూడకుండా.

ఉద్యోగం ఊడింది. తిన్నగా అక్క దగ్గరికి వెళ్లాను, ఆయన సంగతి చెప్పి ఏడవడానికి. కట్లున్న చేతులతో గ్లాసు పట్టలేనని, అక్కే నీళ్లు ముంచబోయి డ్రమ్ము మీది రేకు మూత ఎత్తింది.

మూత అడుగున నా అక్షరాలు: "మెల్లగా తిప్పండి. నిప్పు లేకున్నా అంటుకుంటుంది."

"అక్కా! ఇదే ఆ బోర్డు. బావ నీక్కూడా చెప్పకుండా..."

అక్క మూతని మళ్లీ డ్రమ్ము మీద బోర్లించింది.

"నీకేంరా, ఒంటిగాడివి. మాకు పిల్లలున్నారు," అంటూ గ్లాసు నా నోటికందించింది.