ఎల్లప్ప కాలు

"కాలు తీసేయాల్సిందే," అన్నాడు డాక్టరు.

మద్దమ్మ కొడుకు వైపు చూసింది. ఎల్లప్ప జ్వరంతో కళ్లు తెరవడం లేదు.

ఎమ్మిగనూరు సంతలో బండి చక్రం వాడి పాదం మీద ఎక్కింది. మద్దమ్మ పది రోజులు ఆకుపసరు కట్టి, పుండు కుళ్లినాక ఆదోని ఆసుపత్రికి తెచ్చింది. అది డెబ్బై ఆరు ఎండాకాలం.

"సాయంత్రంలోపు వేలిముద్ర వేయమ్మా. ఆలస్యమైతే ప్రాణం దక్కదు."

డాక్టరు వెళ్లిపోయాడు. మద్దమ్మ వరండాలో కూలబడింది.

"వేసేయమ్మా," అన్నారెవరో.

తెల్లగడ్డం ముసలాయన. పొద్దున్నుంచీ ఆ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. పేరు పీరా సాబ్ అట.

"మా వాడు మగ్గం నేసేటోడు సాబూ. గుంతలో కాళ్లు దింపి తొక్కితేనే మగ్గం ఆడేది."

"కూర్చుని నూలు కండెలు చుట్టుకోనీ. ముందు బతకనీ."

"బతుకు సరే. సచ్చినాక?"

ముసలాయనకు అర్థం కాలేదు.

మద్దమ్మ వాళ్లలో పోయినవాళ్లను బాసింపట్టు వేయించి, కూర్చోబెట్టి పూడుస్తారు. పోయినేడే మొగుణ్ణి అట్లా సాగనంపింది. ఇరవై ఏళ్ల కొడుకు చావుబతుకుల్లో ఉంటే, ఈ తల్లికి వాడి సమాధి బెంగ పట్టుకుంది. నవ్వకండి. దుఃఖంలో ఉన్న మనిషికి ఏది ముందో ఏది వెనకో తెలియదు.

"ఒంటికాలోణ్ణి ఎట్ల కూర్చోబెట్టేది? శివుని దగ్గరికి ఎట్ల పోతాడు?"

పీరా సాబ్ గుమ్మం దగ్గర నుంచి లేచి వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ఆ కాలు నేను పూడ్చిపెడతానమ్మా. గుర్తుకు రాయి పెడతా. నిండు నూరేళ్లు బతికినాక మీవాళ్లొచ్చి తీసుకపోండి. వాని పక్కనే పెట్టుకోండి."

"యాడన్నా పారేస్తే?"

"అల్లా సాక్షి."

మద్దమ్మ వేలిముద్ర వేసింది. వేసి, తిట్టింది కూడా.

"నువ్వు డాక్టరు మనిషివి! ఏడ్చేటోళ్లను ఒప్పించనీకే నిన్ను ఈడ కూర్చోబెట్టినారు. నీ నోట మన్ను పడ!"

"పడనీలేమ్మా," అన్నాడు ముసలాయన.

ఎల్లప్ప బతికాడు. చంకకర్రతో నడిచాడు, కండెలు చుట్టాడు, పెళ్లి చేసుకున్నాడు. మనవరాలు పుట్టిన రోజు మద్దమ్మకు తన నోటిదురుసు గుర్తొచ్చింది. సిగ్గేసింది. నెల తిరగ్గానే ముసలాయనకు పెట్టడానికి ఒక పంచె తీసుకుని ఆదోని బస్సెక్కింది.

"పీరా సాబా? పోయిన రంజానుకు ముందే పోయినాడమ్మా," అన్నాడు ఆమెను గుర్తుపట్టిన వార్డుబాయ్ ఏసన్న.

"డాక్టరుకు చానా కావాల్సినాయనేమో గదప్పా?"

"డాక్టరుకా? ఆయన ఎవరో డాక్టరుకే తెలీదు. దినామూ వచ్చి ఆ గుమ్మంకాడ కూర్చునేటోడు. కాలో చెయ్యో తీయాలంటే భయపడేటోళ్లకు సెప్పి సెప్పి ఒప్పిస్తాండె."

"ఆయన్ని యాడ పెట్టినారప్పా?" అంది మద్దమ్మ.

ఏసన్న ఆమెను ఊరి చివర ఖబరస్తానుకు తీసుకుపోయాడు. అక్కడ మూడు సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మరీ చిన్నది, దాని తలాపున రాయి.

"అదే నీ కొడుకు కాలు. ఆ పొద్దు గుంత నేనే తీస్తి. ఆ చివరిది పీరా సాబ్‌ది."

"నడిమిది ఎవరిదప్పా?"

"ఆయన కొడుకుదమ్మా. ఒంటికాలితో నమాజుకు ఎట్ల నిలబడతాడని, మా ఆసుపత్రిలోనే ఆ పిల్లోని కాలు ఈయనే తీయనీలేదు."