మిగిలిపోయిన జ్యూస్ ప్యాకెట్లు

రక్తం ట్యూబుల్ని గిరగిరా తిప్పే మిషన్ ఆగాక ల్యాబ్ టెక్నీషియన్ ట్యూబ్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. రక్తం పైన తేరినది తేటగా ఉండాలి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంది.

ట్యూబ్ మీది పేరు తన తొమ్మిదేళ్ల కూతురిది.

"పొద్దున్నే ఏమన్నా తిన్నావా?" పక్కనే కూర్చున్న పిల్లని అడిగింది.

"మంచినీళ్లే తాగానమ్మా."

తీపి ఎక్కువై కాలేయంలో కొవ్వు, ఒంట్లో లోలోపల వాపు ఉండొచ్చని డాక్టర్ ముందే అన్నాడు.

"అంతా మీ నానమ్మ గారాబం. ఇంటికెళ్లాక చెప్తా ఆవిడ సంగతి."

"నానమ్మ వద్దనే అంటుంది," కూతురు మెల్లగా అంది. "నువ్వు తెచ్చేవే తాగుతున్నా."

రక్తదానానికి వచ్చినవాళ్లకి ఇవ్వగా మిగిలిన జ్యూస్ ప్యాకెట్లు, క్రీమ్ బిస్కెట్లు. రోజూ పొద్దుపోయాక ఇల్లు చేరే తల్లి ఉత్త చేతులతో ఎలా వెళ్తుంది?

"వద్దని నాకు చెప్పొచ్చుగా తల్లీ?"

"ఒకసారి చెప్పాను. నీ మొహం చిన్నబోయింది. అప్పట్నుంచీ చెప్పట్లేదు."

తల్లి చెయ్యి కోటు జేబు మీదికి వెళ్లింది. పరగడుపున ఉన్న పిల్ల కోసం దాచిన జ్యూస్ ప్యాకెట్ బరువుగా తగిలింది.

కూతురు ఆమె మొహంలోకి చూసింది. జేబు వైపు చెయ్యి చాచింది.

"ఇవ్వమ్మా. ఇవాళ్టిది తాగుతాలే."